నూకాలమ్మ కడిగిన నత్తలు

ఆరోసారి కూడా చావలేదు.

తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని విక్టోరియా ఆ మెయిల్ మూడుసార్లు చదివింది. హైదరాబాద్ లేబొరేటరీ వాళ్ళు ఎప్పటిలాగే రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు. పంపిన నత్తల సారం కేన్సర్ కణాల మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ చూపలేదట. మరిన్ని పరీక్షలకు తమను సంప్రదించవచ్చునట. విక్టోరియాకి ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగి, చేతులు కంపు కొట్టేలా నత్తలు ఒలిచి, మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, మిథనాల్ ఆవిరి చేసి, కరెంటు పోయినప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తి కాపాడుకున్న సీసా అది. అది మీద పోస్తే ఆ కణాలు పెళ్ళిభోజనానికి కూర్చున్నట్టు హాయిగా కూర్చుని, పైగా సంతానాన్ని కూడా పెంచుకున్నాయి.

విక్టోరియా గూడెంలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. వయసు ముప్ఫై తొమ్మిది. ఉద్యోగం చేసుకుంటూనే విశాఖపట్నంలో ఒక ప్రొఫెసర్ గారి కింద పీహెచ్‌డీ చేస్తోంది. కొల్లేటి నత్తల్లో కేన్సర్ కణాల్ని చంపే పదార్థం ఏదైనా ఉందా అని వెతకడం ఆమె పని. లేకపోతే లేదని మొదట్లోనే తేలిపోయి ఉంటే ఎవరి బతుకు వాళ్ళు బతికేవాళ్ళు. మొదటిసారి వచ్చిన ఫలితమే కొంప ముంచింది.

2005 డిసెంబరులో పంపిన మొట్టమొదటి సీసా నూటికి ఎనభై రెండు కణాల్ని చంపేసింది. ఆ పరీక్షలో బతికున్న కణాలు ఊదారంగుకి తిరుగుతాయి, చచ్చినవి తిరగవు. హైదరాబాద్ వాళ్ళు పంపిన ఫోటోలో ఊదారంగు అన్నమాటే లేదు. విక్టోరియా ఆ ఫోటో పట్టుకుని కాలేజీ మెట్లమీదే కూలబడి ప్రార్థన చేసుకుంది. ఎవరికీ చెప్పొద్దని ప్రొఫెసర్ గారు ఫోన్లో మరీ మరీ చెప్పారు గానీ, అప్పటికే ఆమె స్టాఫ్‌రూములో చెప్పేసింది. స్టాఫ్‌రూములో పడ్డ మాట పేపరుకెక్కడానికి వారం పట్టలేదు. జిల్లా ఎడిషన్లో ‘కొల్లేటి నత్తతో కేన్సర్‌కు చెక్!’ అని హెడ్డింగు పెట్టి, విక్టోరియా ఫోటో పక్కన నత్తలు పట్టిచ్చిన నూకాలమ్మ ఫోటో కూడా వేశారు, నెత్తిమీద తట్టతో సహా.

అంతే. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారీ చావలేదు.

నిజానికి మొదటిసారి కంటే తర్వాతి సార్లే పని పద్ధతిగా జరిగింది. మొదటిసారి పరీక్షల డ్యూటీ పడి విక్టోరియా కొల్లేటి మధ్యలో నూకాలమ్మ వాళ్ళుండే లంకకి వెళ్ళలేకపోతే, నూకాలమ్మే నత్తలు ఒలిచి, శుభ్రం చేసి, మాంసాన్ని ఐసులో పెట్టుకుని భీమడోలులో రైలెక్కి తెచ్చి ఇచ్చింది. అది విని ప్రొఫెసర్ గారు కోప్పడ్డారు. బతికున్న నత్తల్ని చిప్పతో సహా తెచ్చుకుని, జాతి సరిచూసుకుని, మీ లాబులో మీ చేత్తో ఒలవండి అన్నారు. సరేనని అలాగే చేసింది. చావలేదు. ఎండాకాలపు నత్తలు కదా అని వానాకాలంలో తెచ్చింది. చావలేదు. చేపల చెరువుల గట్లు కొట్టేశాక కొల్లేటి నీళ్ళు మారి ఉంటాయని, గట్లు లేని చోటు వెతుక్కుని వెళ్ళి తెచ్చింది. ముసలి నత్తలు ఒకసారి, లేత నత్తలు ఒకసారి. సారం రంగు కూడా మొదటిలా రాలేదు. మొదటి సీసాలో లేత పసుపు, మిగతా అన్నింట్లోనూ బురదనీళ్ళ రంగు. కిటుకంతా ఆ పసుపు రంగులోనే ఉంది, ఆ నత్తలు ఏదో ప్రత్యేకమైన నాచు తిని ఉంటాయి, ఆ నాచు పట్టుకోండి అని ప్రొఫెసర్ గారు సెలవిచ్చారు. ఆ నాచు కోసం విక్టోరియా మూడు నెలలపాటు ఆదివారం చర్చి కాగానే దోనెల్లో పడి తిరిగింది. ఒళ్ళంతా దురదలొచ్చాయి గానీ నాచు దొరకలేదు.

పీహెచ్‌డీ ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేది. ఆమెని కుదురుగా అన్నం తిననివ్వనిది నూకాలమ్మ భర్త పెద్దింటయ్య బుగ్గ.

2007 సంవత్సరాదికి ముందు పెద్దింటయ్య కుడి బుగ్గ లోపల ఒక పుండు లేచింది. నలభై ఏళ్ళుగా చుట్ట కాల్చిన నోరు. పెద్దాసుపత్రిలో ముక్క తీసి చూసి కేన్సరన్నారు. ఇంకా చింతగింజంతే ఉంది కాబట్టి ఆ కాస్త మేరా కోసేస్తే సరిపోతుందని చెప్పి మార్చిలో ఆపరేషన్‌కి తారీఖు వేశారు. ఆ తారీఖుకి నాలుగు రోజుల ముందు మొగుడూ పెళ్ళాలిద్దరూ కాలేజీకి వచ్చారు. పెద్దింటయ్య రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న పేపరు ముక్క తీసి, భార్య ఫోటో మీద వేలు పెట్టి చూపించాడు.

“మందు మన నత్తల్లోనే ఉందని రాశారు కదండీ. కోయించుకోవడం ఎందుకండీ మరి? మీ మందు ఎప్పటికొస్తుందో చెబితే అంతదాకా ఆగుతానండీ.”

అప్పటికి మూడో సీసా హైదరాబాద్‌లో ఉంది. దానిమీద విక్టోరియాకి ఆశ ఉంది. ఎదురుగా అంత పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడితే మొహంమీద కాదనడం ఆమె వల్ల కాలేదు. విక్టోరియా వాళ్ళింట్లో ఎవరికీ అది చేతకాదు. “చూద్దామండీ. ఇంకా టైం పడుతుందండీ. ఈలోగా మీరు ఆసుపత్రికి వెళ్ళొస్తే మంచిదండీ,” అంది. పెద్దింటయ్య అందులో మొదటి రెండు మాటలూ మూటగట్టుకుని మూడోది కాలేజీ గేటు దగ్గరే వదిలేసి వెళ్ళాడు. మార్చి తారీఖు పోయింది. జూలైలో ఇంకోటి వేశారు, అదీ పోయింది. ఇప్పుడు డిసెంబరు. పుండు లోపల్నించి దవడ మీదికి పాకింది. ఈ సోమవారం రాకపోతే ఇంక కత్తికి కూడా లొంగదని డాక్టర్లు తెగేసి చెప్పారు. చేతిలో ఉన్నది రెండే రోజులు.

శనివారం పొద్దున్నే విక్టోరియా పాసింజరెక్కి భీమడోలులో దిగి, ఆటోలో గట్టుదాకా వెళ్ళి, దోనెలో లంక చేరింది. సోమవారం ఆసుపత్రికి వెళ్ళమని పెద్దింటయ్యకి నచ్చజెప్పడానికి వెళ్తున్నానని భర్త జాషువాతో చెప్పింది. అది సగమే నిజం. సంచిలో ఐసు డబ్బా ఉంది. అదే నెల, అదే రేవు, అదే మనిషి. మొదటిసారి ఎలా జరిగిందో అచ్చం అలాగే జరిపించాలని రాత్రే నిర్ణయించుకుంది. ఈ ఒక్కసారి చస్తే చాలు, ఈ ఒక్కసారి. ఐదుసార్లు వెన్ను విరిగినా ఆశకి బుద్ధి రాలేదు.

పెద్దింటయ్య అరుగుమీద కూర్చుని వల చిక్కులు తీసుకుంటున్నాడు. తువ్వాలు బుగ్గకి అడ్డంగా చుట్టి నెత్తిమీద ముడేశాడు. ఆమెను చూడగానే కళ్ళు మెరిశాయి.

“వచ్చిందాండీ?” అన్నాడు. మాట ఒక పక్కనుంచే వస్తోంది.

“ఇంకా లేదండీ బాబాయ్ గారూ,” అని, ఆ ‘ఇంకా’ అన్న ముక్కకి తనని తానే లోపల తిట్టుకుంది విక్టోరియా. నూకాలమ్మవైపు తిరిగింది. “నూకాలమ్మ గారూ, మీరొక సాయం చెయ్యాలండీ. మొదటిసారి నాకు నత్తలెలా చేసిచ్చారో, మొదట్నించీ చివరిదాకా మళ్ళీ నా కళ్ళముందు చెయ్యాలి. ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరక్కూడదు. నేను పక్కన కూర్చుని రాసుకుంటాను.”

“ఆయ్, దానిదేం భాగ్యమండీ,” అంది నూకాలమ్మ.

మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, గుర్రపుడెక్క పక్కకి నెట్టి, అడుగున చేత్తో తడిమి గంటన్నరలో తట్టెడు నత్తలు తీసింది నూకాలమ్మ. విక్టోరియా గట్టుమీద నిలబడి నీళ్ళ లోతు, నత్తల సైజు, టైము అన్నీ రాసింది. ఇంటికొచ్చాక నూకాలమ్మ రాయితో చిప్పలు చితగ్గొట్టి, పేగు తీసి కాకులకి పారేసి, మాంసం సత్తుగిన్నెలో వేసింది. విక్టోరియా రాసింది. పొయ్యిలో బూడిద తెచ్చి రుద్ది జిగురంతా పోయేలా మూడు నీళ్ళు కడిగింది. బూడిద, మూడుసార్లు, అని రాసింది. కల్లుప్పు వేసి పిసికి మళ్ళీ కడిగింది. ఉప్పు, అని రాసింది. నూకాలమ్మ లోపలికెళ్ళి పాత పౌడరు డబ్బా తెచ్చి, మూత తీసి, గుప్పెడు పసుపు మాంసంలో గుమ్మరించి, పట్టించి పట్టించి కలపడం మొదలుపెట్టింది.

విక్టోరియా పెన్ను ఆగిపోయింది.

“ఇదేంటండీ?”

“పసుపండీ.”

“పసుపని కనపడుతోందండీ. అప్పుడు కూడా వేశారా?”

“ఆయ్. అప్పుడైతే ఇంకో గుప్పెడు ఎక్కువే వేశానండీ. మందులోకని చెప్పారు కదండీ, నీచు ఉండకూడదని బాగా పట్టించి పూటంతా నానబెట్టి తెచ్చాను.” నూకాలమ్మ గిన్నె ముందుకి జరిపింది. “చూడండి, అచ్చం ఇదే రంగు.”

అచ్చం అదే రంగు. ప్రొఫెసర్ గారు నాచు నాచు అని తపించిపోయిన రంగు. పసుపు సారం గాజుపళ్ళెంలో పోస్తే కేన్సర్ కణాలు చస్తాయన్న సంగతి విక్టోరియాకి తెలియనిది కాదు. దానిమీద వచ్చిన వ్యాసాలు బీరువాలో అరనిండా ఉన్నాయి. రెండేళ్ళుగా ఆమె తిరిగింది నత్తల వెనక కాదు, ఈ డబ్బా వెనక!

“అయ్యో నూకాలమ్మ గారూ! ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ? రెండేళ్ళండీ! రెండేళ్ళు ఈ బురదలో పడి దొర్లాను! పసుపు వేశానని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేదండీ?”

నూకాలమ్మ బిత్తరపోయింది. తప్పేం చేసిందో ఆమెకి అర్థం కాలేదు. “ఏం చెప్పాలండీ? శుభ్రం చేసి తెమ్మన్నారు, చేశాను. పసుపెయ్యకుండా ఎవరైనా కడుగుతారాండీ? మీరు కడగరా?”

కడుగుతుంది. ప్రతి ఆదివారం చర్చినుంచి రాగానే చీర కూడా మార్చకుండా చేపలకి ఉప్పూ పసుపూ పట్టిస్తుంది విక్టోరియా. వాళ్ళమ్మ అలాగే చేసేది, అత్తగారూ అలాగే చేసేది. నోటుపుస్తకంలో మొదటి పేజీలో ‘శుభ్రపరచిన మాంసం, అరకేజీ’ అని తన చేతి రాతే ఉంది. ఎలా శుభ్రపరిచారని తాను అడగలేదు. ఎలా శుభ్రపరుస్తారో ఆడపుట్టుక పుట్టిన ప్రతిదానికీ తెలుసు కాబట్టి అడగలేదు. లాబు గుమ్మం దాటగానే తెలిసింది కూడా మర్చిపోయి, పసుపుని నాచు అనుకుంది. ఈ మాట ప్రొఫెసర్ గారికి చెబితే నవ్వుతారో తిడతారో! నూకాలమ్మని అరిచినందుకు సిగ్గేసింది. కానీ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలో పెన్ను అరుగుమీదకి విసిరికొట్టింది.

అంతా వింటున్న పెద్దింటయ్య వల పక్కన పెట్టాడు.

“అయితే చంపింది నత్త కాదంటారా అమ్మా?”

“కాదండీ బాబాయ్ గారూ. పసుపు.”

పెద్దింటయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. తువ్వాలు చాటున మొహం విప్పారింది. “అయితే ఇంకేంటండీ! మందు పసుపులో ఉందన్నమాట! ఇంట్లోనే ఉంచుకుని ఊరంతా వెతికాం. ఏమే, రేపట్నుంచి పాలల్లో గుప్పెడు కలిపియ్యి.”

“పుండుమీద కూడా మెత్తుతాను,” అంది నూకాలమ్మ, ఆ పచ్చటి చేతులతోనే. “మేడం గారు పుణ్యాత్మురాలు. సోమవారం ప్రయాణం తప్పించారు.”

విక్టోరియాకి ఏడవాలో అరవాలో తెలియలేదు. నత్త పోయింది, దాని స్థానంలో పసుపు వచ్చి కూర్చుంది. రెండేళ్ళు పట్టిన నిజం బయటపడి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే దాన్ని ఇంకో అబద్ధం చేసేశారు. గాజుపళ్ళెం వేరు, ఒళ్ళు వేరు అని మొదలుపెట్టింది. పళ్ళెంలో కణాల్ని ఉప్పు చంపుతుంది, సబ్బు చంపుతుంది, కిరసనాయిలు చంపుతుంది, అంతమాత్రాన అవి మందులవుతాయా అంది. తిన్న పసుపు రక్తంలోకి సరిగ్గా చేరనే చేరదంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ తలలూపారు, ఆయ్ ఆయ్ అన్నారు. మార్చిలో కూడా ఇలాగే ఊపారు. ఆ తలలు చూసేసరికి ఆమెలో పట్టి ఉంచినదేదో తెగిపోయింది.

“పసుపులో మందుంటే,” అని గొంతు చించుకుని అరిచింది, “మీరు పుట్టినకాణ్ణించీ రోజూ పులుసులో తింటూనే ఉన్నారు కదా బాబాయ్ గారూ! పొద్దునా రాత్రీ తిన్నారు కదా! మరి ఈ పుండెలా వచ్చిందండీ?”

పక్కింటి అరుగుమీద చేపలు ఎండబెట్టుకుంటున్న వాళ్ళు ఇటు తిరిగి చూశారు. నూకాలమ్మ చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి.  పెద్దింటయ్య చెయ్యి తువ్వాలు మీదకి పోయింది. చాలాసేపు తడుముకున్నాడు.

“అవును కదా,” అన్నాడు చివరికి.

కాకులు పేగుల కోసం కొట్టుకుంటున్నాయి.

“అయితే మందు లేదంటారా అమ్మా?”

చూద్దామండీ అన్న మాట విక్టోరియా నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగేసింది.

“లేదండీ. నా దగ్గర లేదు. రేపూ రాదు, ఎల్లుండీ రాదు. మీకున్నది ఆ ఆపరేషనొక్కటే బాబాయ్ గారూ.”

పెద్దింటయ్య ప్లాస్టిక్ కవరు తీశాడు. పేపరు ముక్కని విప్పి, భార్య ఫోటో ఒకసారి చూసుకుని, మడతలమీదే మడిచి, రేషన్ కార్డు వెనకాల పెట్టాడు. పారెయ్యలేదు. నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి పొయ్యి రాజేసిన చప్పుడు వినిపించింది. ఐసు డబ్బా ఖాళీగానే ఉండిపోయింది, గిన్నెలోని నత్తలన్నీ కూరకే పోయాయి.

భోజనం పెడితే విక్టోరియా కాదనలేకపోయింది. కూర చాలా బాగుంది. అంత బాగున్నందుకు కూడా కోపం వచ్చింది ఆమెకి. పెద్దింటయ్య నమలలేక పులుసు మాత్రం అన్నంలో కలిపి జారుడుగా తాగాడు. తాగి, తువ్వాలు మళ్ళీ కట్టుకుని, దోనెదాకా సాగనంపడానికి వచ్చాడు.

“సోమవారం రైలెన్నింటికమ్మా?”

“ఆరింటికండీ. గూడెంలో నేనూ ఎక్కుతాను. భీమడోలులో మీరు మూడో పెట్టె దగ్గర నిలబడండి, చాలు.”

“ఆయ్,” అన్నాడు పెద్దింటయ్య. దోనె తాడు విప్పుతూ, నీళ్ళవైపే చూస్తూ అడిగాడు. “చింతగింజంత కోస్తే సరిపోతుందన్నారు కదండీ అప్పుడు. ఇప్పుడు సగం దవడ తీస్తారంట.”

విక్టోరియా తలూపింది.

“ఇందాక లేదన్నారు చూడండి, ఆ మాట మార్చిలోనే అనుంటే వెళ్ళిపోయేవాణ్ణమ్మా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా అని, దోనెని కాలితో నీళ్ళలోకి నెట్టాడు.